బంగాళాఖాతం అల్పపీడనం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అల్పపీడనం గారి దివ్యసముఖమునకు,

కూకట్‌పల్లి నుంచి ఒక వెయిటింగ్ లిస్టు ప్రయాణికుడు నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది గానీ, తమరు కులాసాగా ఉన్నప్పుడు మేం ఉండం.

విషయం: బాపట్ల దగ్గర పల్లెలో ఉన్న స్నేహితుణ్ణి చూసి రావడానికి రెండు రోజుల పొడి వాతావరణం మంజూరు చేయవలసిందిగా కోరుట.

వాడూ నేనూ డిగ్రీ రోజుల్లో ఒకే గదిలో ఉన్నవాళ్లం. వాడు పొలంలో దిగాడు, నేను ఫైళ్లలో పడ్డాను. కలుద్దామనుకున్నప్పుడల్లా సముద్రంలో తమరు లేస్తారు. 2023 డిసెంబరు మొదటి వారంలో సంచి సర్దుకుంటే, మయన్మార్ వారిచ్చిన మిచాంగ్ అనే పేరు తగిలించుకుని 5వ తేదీన బాపట్ల దగ్గరే తీరం దాటారు. నేను దిగాల్సిన ఊళ్లో తమరు దిగారు. 2024 ఆగస్టు ఆఖరున మళ్లీ బయల్దేరబోతే, కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. అటు బుడమేరు విజయవాడ ఇళ్లలోకి వచ్చేసింది. అప్పుడు తమరు ఉత్త వాయుగుండం, పేరు కూడా లేదు. గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటితే గానీ నామకరణం చేయరట. పేరు లేనివారి మీద ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో చెప్పండి.

(1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన జోలికి ఈ ఉత్తరంలో వెళ్లను. అక్కడ వేళాకోళానికి చోటు లేదు.)

ఇక మాకు మిగిలింది ఫోను. అందులోనూ తమరే. "ఏరా, అక్కడ ఎండ ఉందా? ఉంటే కాస్త ఇటు పంపు" అంటాడు వాడు పలకరింపుగా. వాడు వేసేది బాపట్లలోనే పుట్టిన బీపీటీ 5204. ఐదు నెలల పంట. కోతకొచ్చేసరికి సరిగ్గా తమరి సీజను. కిందటిసారి మాట్లాడినప్పుడు ధాన్యం రోడ్డు మీద ఆరబోసుకుని, బరకం చేతికిందే పెట్టుకుని కూర్చున్నాడు. కొనుగోలుకి తేమ 17 శాతం మించకూడదు. వాడి ధాన్యం 19 చూపిస్తోంది. మబ్బు పడితే కప్పడం, తెరిపిస్తే తియ్యడం, మధ్యలో గుప్పెడు గింజలు తీసి పంటి కింద నొక్కి చూడటం. కరకరమంటే ఆరినట్టు. ఆ చప్పుడు కోసం నేనూ ఇటు చెవి రిక్కించాను. వినపడలేదు.

కూతురి పెళ్లిచూపుల సంగతీ ఆ సందులోనే చెప్పాడు. వచ్చినవాళ్లు చప్టా అవతలే ఆగిపోయారట, మీద నడుంలోతు నీళ్లు. వీడియో కాల్‌లో పిల్లను చూపించారు. కాఫీ ఇచ్చే ఘట్టం దాకా వచ్చి సిగ్నల్ పోయింది. మోకాళ్ల నొప్పి మాట ఎత్తబోయేలోగా "ఒరేయ్, చినుకు పడుతోంది, ఉంటా" అని పెట్టేశాడు.

అసలు రావద్దని అనడం లేదు. జులైలో నారుమళ్లు నోళ్లు తెరుచుకున్నప్పుడు తమరికి దణ్ణాలు పెట్టేది కూడా వాడే. ఎటొచ్చీ కోతల వేళ రావడమే బాగాలేదు. మా ఇబ్బంది ఇంకొకటి ఉంది. రైలు టికెట్టు అరవై రోజుల ముందు కొనుక్కోవాలి. తమరి రాక వారం ముందు తెలిస్తే గొప్ప. సంక్రాంతికి రారా అంటాడు వాడు. అప్పుడు తమరు సాధారణంగా ఉండరు, టికెట్టూ ఉండదు. అది తమరి శాఖ కాదు గనుక వదిలేస్తున్నాను.

కాబట్టి డిసెంబరు రెండో శని, ఆదివారాల్లో దయచేసి లేవకండి. లేచినా ఒడ్డుకు రాకండి. తమరు దారిలో సముద్రం మీదే బలహీనపడిపోవడం కొత్తేమీ కాదు కదా. నా టికెట్టు ఇప్పటికి ఆర్‌ఏసీలో ఉంది, వాడి ధాన్యం ఇంకా రోడ్డు మీదే ఉంది. రెంటినీ దృష్టిలో పెట్టుకుని తగు ఉత్తర్వులు ఇవ్వగలరు.

ఇట్లు,
తడిసిన విధేయుడు