బేస్‌బాల్ గిర్దావరు

కురవికి క్రొత్తవారెవరైనను వచ్చి, వీరభద్రస్వామివారి దర్శనము చేసికొని, కొబ్బరిచిప్ప చేతబట్టుకొని గుడిముందటి అంగళ్ళ వద్ద కొంతసేపు నిలిచినచో వారికి రెండు జతల మీసములు తప్పక కనబడును. మొదటివి స్వామివారివి. కోరమీసాల వీరన్న అని జనులు నోరార పిలుచుకొను ఆ స్వామికి 2017వ సంవత్సరము మహాశివరాత్రి నాడు అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావుగారు మొక్కు తీర్చుకొనుచు బంగారు మీసములు సమర్పించిరి. రెండవవి మా వీధి తాతవి. వీనిలో బంగారమెంతమాత్రము లేదు; నెరుపే కలదు. ఐనను మెలివేయుటలో ఉపాసకుడు దేవునికంటె ఒక చుట్టు ఎక్కువే వేయునని నా పరిశీలన.

అమెరికా పోయివచ్చిన తాతలలో అనేక శాఖలు కలవు. డాలరును రూపాయలలోనికి మార్చుకొన్నగాని కొత్తిమీర కట్టనైనను ముట్టనివారు ఒక శాఖ. అచ్చటి రోడ్లను వర్ణించుచు వర్ణించుచు ఇచ్చటి గుంతలో కాలు పెట్టువారు ఒక శాఖ. ఆరు నెలలును ఇంటిలోనే కూర్చుండి తొక్కుజాడీ తరుగుదలను లెక్కించుకొని మరలివచ్చి, "అంత మన లెక్కనే ఉన్నది" అని ఒక ఖండమును ఒక్క ముక్కలో తేల్చివేయువారు మరియొక శాఖ. వీరిని మనము నిత్యము చూచుచునే యున్నాము. కాని మనుమల వలన బేస్‌బాలను క్రీడను అంటించుకొని వచ్చి, దగ్గును దాచలేనట్లే దానిని దాచలేక, పొలము గట్టునను, పెండ్లిపందిటను, తుదకు దినముల బంతిలోను బయటపెట్టుచుండు తాత బహు అరుదు. మా తాత ఆ శాఖకు మూలపురుషుడు.

ఉద్యోగరీత్యా ఈయన రెవెన్యూ శాఖలో గిర్దావరు. ముప్పది సంవత్సరములు పహాణీలు తిరుగవేసి, గట్టు తగవులలో ఇరుపక్షముల తిట్లను సరిసమానముగా భుజించి, నిష్పక్షపాతియను పేరు తెచ్చుకొని విరమించినవాడు. లోకములో ఏ వస్తువు కంటబడినను దాని విస్తీర్ణమును, నాలుగు హద్దులను తెలిసికొన్నగాని ఆయనకు నిద్రపట్టదు. పెండ్లిచూపులకు పోయిన దినమున పిల్ల ముఖమును గాక ఇంటి దూలములను లెక్కించి వచ్చినాడని ఆయన ఇల్లాలు, మా అవ్వ, నేటికిని సాక్ష్యము చెప్పును.

కుమారుడు టెక్సస్ రాష్ట్రములో, డాలస్‌కు ఉత్తరముననున్న ఫ్రిస్కోలో కాపురముండును. సందర్శకులకు సాధారణముగా లభించు ఆరు నెలల గడువును తాత ఏప్రిల్ మొదలు అక్టోబరు వరకు వాడుకొనును. మిర్చి అమ్ముడుపోయి చేతిలో నాలుగు పైసలాడు కాలమది. ఇచ్చట ఎండలు ముదురు కాలమును అదియే. మార్చి తుదనుండి సెప్టెంబరు తుదివరకు ఒక్కొక్క జట్టు 162 ఆటలాడు క్రీడ ఒకటి ఆ దేశమున కలదనియు, తన వీసాయును దాని ఋతువును వియ్యపురాండ్రవలె చేయిచేయి పట్టుకొని నడచుచున్నవనియు ఆయనకు మొదట తెలియదు.

ఆ మొదటి యాత్రలో తాతకును మనుమలకును నడుమ భాష లేదు. ఆయన ఇంగ్లీషు తహసీలు కచేరీ ఇంగ్లీషు. దానితో నివేదికలు వ్రాయవచ్చును గాని ఎనిమిదేండ్ల బాలునితో ముచ్చటింపరాదు. పిల్లల తెలుగు "వద్దు", "చాలు", "పెరుగు" అను మూడు మాటలతో నడచు కాపురము. ఇట్లు పక్షము దినములు ఒకరినొకరు చూచి చిరునవ్వుకొనుచు గడపిన పిమ్మట ఒక సాయంకాలము కోడలు వారిని పిల్లవాని ఆటకు తీసికొనిపోయి, మడత కుర్చీ వేసి తాతను అందులో కూర్చుండబెట్టెను. ఎదుట ఎఱ్ఱమట్టిలో తెల్లని గీతలతో చదరము కనబడెను. గీత కనబడినదనగా గిర్దావరు నిలుచుండకుండునా?

"ఎంత పొడుగు బిడ్డా ఇది?" అని మనుమరాలిని అడిగెను. పిల్లల ఆటలో బేసుకును బేసుకును 60 అడుగులనియు, పెద్దలకు 90 అనియు ఆ పిల్ల చెప్పెను. తాత వ్రేళ్ళు మడచి, కన్నులు మూసి, "పోరగాండ్లది నాల్గు వందల గజాల ప్లాటు. పెద్దోళ్ళది తొమ్మిది వందలు. అంటె ఏడున్నర గుంటలకు జర తక్కువ" అని తేల్చెను. గుంటకు 121 చదరపు గజములు. కావలసినవారు లెక్క సరిచూచుకొనవచ్చును. ఇంతవరకు ఆనందమే. కాని ఈ చదరమునకు అవతలి మైదానము ఇంతయే ఉండవలెనను నియమము లేదనియు, ఒక్కొక్క ఊరి స్టేడియములో కంచె ఒక్కొక్క దూరమున నుండుననియు తెలిసినప్పుడు మాత్రము ఆయన కుర్చీలో నిలువలేకపోయెను. "ఎవడో కబ్జా పెట్టిండు" అని ఆనాడు పలికిన తీర్పును ఆయన నేటికిని వెనుకకు తీసికొనలేదు.

తరువాత పదముల పరీక్ష. కొట్టదగిన బంతిని కొట్టక చూచుచు నిలిచిన ఆటగానిని చూచి అంపైరు "స్ట్రైక్" అని కేక వేయగా, తాత ఒక్క క్షణమైనను ఆలోచింపక, "నిజమే గద! పని జెయ్యకుంట నిలవడితె స్ట్రైకే అంటరు. మా ఆర్టీసోళ్ళు జేసింది గదే" అనెను. పిచ్చరనగా సినిమాయని మా ప్రాంతమున పసిపిల్లలకైనను తెలియును, కావున నడిమి ఆటలో బంతి వేయు పిచ్చరును మార్చిరని మనుమడు చెప్పినపుడు "మొదటి పిచ్చర్ బాగలేదా?" అని ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్నయే. మారుపిచ్చర్లు వేచియుండు బుల్‌పెన్‌ను ఆయన బందెలదొడ్డి అనును; దానికంటె మంచి అనువాదము నాకును తోచలేదు. డాలస్ ప్రాంతపు జట్టైన రేంజర్లనగా అడవి శాఖవారని తలచి, "వీళ్ళు టేకుదుంగలు బట్టుకోకుంట బంతులు బడుతున్నరేంది?" అని మొదటి నెల అంతయు విస్మయపడుచుండెను. ఒక బేసునుండి మరియొక బేసునకు చాటుగా పరుగెత్తుటను దొంగతనమందురనియు, దానిని లెక్కగట్టి మెచ్చుకొందురనియు విని మాత్రము చాలసేపు మౌనము వహించెను. ముప్పది యేండ్లు గట్లు జరుపువారిని పట్టుకొన్న మనుష్యుడు!

వీనికన్నిటికి మనుమడు విరుగబడి నవ్వుచు, తాతను సరిదిద్దుటకై మాటలు వెదకుకొనుచుండెను. ఆ వెదకులాటలో ఆ బాలునికి తెలుగు వచ్చెను. ఆరు నెలలలో "వద్దు, చాలు, పెరుగు" అను మూడు మాటలు మూడు వందలయ్యెననియు, వానిలో నూటయేబది మానుకోట యాసలో నున్నవనియు కోడలు ఫోనులో తల్లితో మొరపెట్టుకొన్నదట.

తాతను పూర్తిగా వశపరచుకొన్నది స్కోరు పుస్తకము. మైదానమున నిలుచు తొమ్మండుగురికి ఒకటి మొదలు తొమ్మిది వరకు స్థానసంఖ్యలుండుటయు, షార్ట్‌స్టాపు పట్టి రెండవ బేసునకును, అచ్చటినుండి మొదటి బేసునకును విసరి ఇద్దరిని ఔటు చేసినచో 6-4-3 అని వ్రాయుటయు చూచి ఆయన పులకించిపోయెను. బై నంబర్లతో కూడిన సర్వే నంబరు గాక ఇది మరేమి? మూడు స్ట్రైకులతో ఔటైనవానికి 'కె' అను అక్షరము వ్రాయుదురు. ఎస్ అను అక్షరము మరియొక దానికి పోయినందున 'స్ట్రక్' అను మాటలోని తుది అక్షరమును హెన్రీ చాడ్విక్ అను పాత్రికేయుడు పందొమ్మిదవ శతాబ్దమున వాడుకలోనికి తెచ్చెను. బ్యాటు కదలింపకయే ఔటైనవానికి అదే అక్షరమును తిరుగవేసి వ్రాయుదురు. "తిరగేసిన కె" అనునది నేడు మా వీధిలో ఒక బిరుదు. పని చెప్పినచో కదలనివారికందరికి తాత దానిని ఉదారముగా పంచిపెట్టును. నాకును రెండు మారులు లభించినది.

ఆయన ఆగ్రహించినది 2023లో ప్రవేశపెట్టిన గడియారమును చూచి. బేసులమీద ఎవరును లేనపుడు పిచ్చరు 15 సెకండ్లలో బంతి వేయవలెనను నియమము రెవెన్యూ శాఖలో జీవితము గడపినవానికి ఎట్లు మింగుడుపడును? "పదిహేను సెకండ్లల్ల ఫైలు ముడి గూడ ఊడదు" అని వాపోయెను.

స్టేడియమునకు పోయిన దినమున అవ్వ ఉడికించిన పల్లికాయ మూటగట్టబోగా, లోపల అమ్మునదియు పల్లికాయయే యని తెలిసి, ఇంత ఖర్చుచేసికొని భూగోళము సగము చుట్టివచ్చినది ఇందుకా యని ఆమె కూర్చుండిపోయెను. ప్రేక్షకులలోనికి వచ్చి పడిన బంతిని పట్టుకొన్నవారే ఉంచుకొందురు, తిరిగి ఈయనక్కరలేదు. సర్కారు సొమ్ము రశీదు లేకయే జనులపాలగుచుండుట చూచి తాత ఆనాడు ఆట చూడనేలేదు.

మీసముల ప్రకరణము వచ్చునపుడు ఆయన కంఠము మారును. 1972లో ఓక్లండ్ జట్టు యజమాని చార్లీ ఫిన్లీ, పితృదినోత్సవము నాటికి మీసము పెంచిన ప్రతి ఆటగానికి 300 డాలర్లు ఇత్తునని ప్రకటించెను. ఆటగాండ్రు పెంచిరి. రోలీ ఫింగర్స్ అను పిచ్చరు తన మీసమును రెండు కొసల మెలివేసి నిలిపి, పైకము ముట్టిన తరువాతను తీయలేదు. ఆ జట్టు ఆ యేడును, పై రెండేండ్లును వరుసగా ప్రపంచ సిరీస్ గెలిచెను. ఈ వృత్తాంతమును తాత గుడి అరుగుమీద కూర్చుండి చెప్పి, చెప్పి, తుదకు గర్భాలయము వంక ఒకసారి చూచి, "మీసానికి ఫలితం ఉంటదని మనకు ఎరుకే" అని ముగించును. చికాగో మేక కథకును ఇట్టి గౌరవమే. 1945 ప్రపంచ సిరీస్‌లో ఒక మద్యశాల యజమాని తన మేకను వెంటబెట్టుకొని స్టేడియమునకు రాగా దానిని లోపలికి రానీయలేదట, అతడు శపించెనట, 1908లో గెలిచిన ఆ ఊరి కబ్స్ జట్టు మరల గెలుచుట 2016లోనే. అమెరికావారు దీనిని వేడుకకు చెప్పుకొందురు. తాతకు ఇందులో వేడుక ఏమియు కనబడలేదు. "మొక్కుకున్న మేకను మలుపుతరా?" అని ఒక్క ప్రశ్న వేసెను.

అవ్వకు ఈ ఆటమీద ఆసక్తి లేదు. ఐనను ఒక సాయంకాలము ఫ్రిస్కోలో ఊరక కూర్చుండి, "ఇంతసేపు ఉరికి ఏడికి పోతరు వీళ్ళు?" అని అడిగెను. "ఏడికి పోరు. బయలెల్లిన కాడికే వస్తరు. దాన్ని ఇల్లంటరు. ఇల్లు చేరితెనే పరుగు" అని తాత చెప్పెను. మూడవ బేసు వరకు వచ్చి, అంతలో ఇన్నింగ్సు ముగిసి, అచ్చటనే నిలిచిపోయినవాని సంగతి ఏమని ఆమె మరల అడుగగా, వానికి స్కోరు పుస్తకములో వేరుగా ఒక గడి కలదని ఆయన చూపెను. అవ్వ కండ్లద్దములు సవరించుకొని ఆ గడిని చూచి, పక్కన ల్యాప్‌టాప్‌లో పని చేసికొనుచున్న కొడుకును చూచి, "మనోడు గదే గడిల పడి పన్నెండేండ్లాయె" అనెను. కొడుకు వినలేదు, చెవులలో పనిముట్లున్నవి. తాత ఆ రాత్రి స్కోరు పుస్తకము తెరువలేదు.

మరుసటి డిసెంబరులో పిల్లలు కురవికి వచ్చిరి. చెరువు క్రింద వరి కోసిన మడిలో తాత యూరియా సంచులు పరచి, నులక తాడుతో కొలిచి, హద్దురాళ్ళు సైతము పాతి ఆట పెట్టించెను. మా ఊరి పిల్లలు క్రికెట్‌లో పుట్టి పెరిగినవారు. కొట్టిన పిదప బ్యాటును క్రింద పడవేయుమనినచో, కన్నబిడ్డను పడవేయుమనినట్లు చూచిరి. ఒకడు బ్యాటుతోనే నాలుగు సంచులను తాకుచు వచ్చెను. మరియొకడు పిచ్చరు వద్దకు పోయి తిరిగివచ్చి రెండు పరుగులని వాదించెను. తుదకు అందరును కలిసి చిర్రగోనె ఆడిరి. ఫ్రిస్కో మనుమరాలు గోనెతో చిర్రను లేపి, సాఫ్ట్‌బాల్ వాటముతో ఒక్క దెబ్బ కొట్టగా అది ఎచ్చట పడినదో ఇంతవరకు దొరకలేదు. తాత నాటినుండి బేస్‌బాల్ చిర్రగోనెకు బై నంబరని సిద్ధాంతీకరించుచున్నాడు.

ఇక 2023 నవంబరు. డాలస్ ప్రాంతమునకు 1972లో వచ్చిన రేంజర్లు అంతవరకు ఎన్నడును ప్రపంచ సిరీస్ గెలువలేదు. 2011లో ఆరవ ఆటలో రెండు మారులు ఒక్క స్ట్రైకు దూరమువరకు వచ్చి చేజార్చుకొనిరి. ఈ మారు అరిజోనాతో ఐదవ ఆట. మనకు ఉదయము ఐదున్నర. వీధిలో పాలవాడు, తాత చేతిలో ఫోను, ఫోనులో మనుమడు. ఆరు ఇన్నింగ్సులు గడచినను రేంజర్లకు ఒక్క హిట్టు లేదు. పిచ్చరు ఇట్లు ఒక్క హిట్టునైనను ఈయకుండగా ఆ మాటను నోటితో అనరాదనియు, అన్నచో అది చెడిపోవుననియు అచ్చటి ఆచారము. రాత్రివేళ పామును పురుగనుట వంటిది. మనుమడు ఈ రహస్యము చెప్పినదే తడవు, పిచ్చరు ఎదుటిపక్షమువాడు గదా యని తాత వీధి అరుగుమీద నిలుచుండి "నో హిట్టర్! నో హిట్టర్!" అని ఎలుగెత్తి జపము మొదలుపెట్టెను. ఏడవ ఇన్నింగ్సులో కోరీ సీగర్ కొట్టెను. ఆట 5-0. పాలవాడు ఆనాడు మా వీధికి పాలు పోయకయే పోయెను.

తొమ్మిది గంటలకు తాత స్నానము చేసి, మీసము దువ్వుకొని, కొబ్బరికాయతో వీరన్న సన్నిధిన నిలిచెను. జేబులోని ఫోనులో మనుమడు ఇంకను నిద్రపోక చూచుచుండెను.

"ఎవరి పేరు మీద?" అని పూజారి అడిగెను.

"రేంజర్ల పేరు మీద, అయ్యగారూ."

"ఫారెస్టు సారుకా? ప్రమోషన్ వచ్చిందా?"

"గెలిచిండ్రు. యాభై ఒక్క ఏండ్లకు."

ప్రమోషన్లు అంత ఆలస్యమగుట ఎరిగినవాడే కనుక పూజారి ఆశ్చర్యపడక, "గోత్రం?" అనెను. తాత ఒక క్షణము తడబడి, "శివగోత్రమనుకోండ్రి" అని నెట్టుకొనివచ్చెను. ఇంతలో జేబులోనుండి సన్నని గొంతు, "తాతా, సీగర్ పేరు చెప్పు! కోరీ సీగర్!" అని అరచెను. పూజారి చెవియొగ్గి విని, తల పంకించి, అక్షతలు తీసికొని, గంభీరముగా "శివగోత్రోద్భవస్య, కోరి శేఖర నామధేయస్య" అని సంకల్పము చెప్పెను. పహాణీలలో ఇంతకంటె పెద్ద తప్పులను చూచియు దిద్దక విడిచినవాడు గనుక తాత అభ్యంతరము చెప్పలేదు.