చెయ్యే నాకు కీ

నేను సీకో 5 వాచీని. కడియంలో ఒక నర్సరీ పెద్దాయన ఎడమచేతికి ఉంటాను. నా లోపలి యంత్రాన్ని 7ఎస్26 అంటారు. 1996లో జపాన్‌లో ఆ రకం మొదలైంది. 21 రాళ్ల మీద నడుస్తుంది, బ్యాటరీ లేదు. పక్కనున్న మర తిప్పి కీ ఇద్దామన్నా కుదరదు. అది టైము, వారం, తేదీ సరిచేసుకోవడానికే. నాకు కీ ఇవ్వగలిగింది నన్ను కట్టుకున్న చెయ్యి ఒక్కటే.

నన్ను బోర్లా తిప్పి వెనక అద్దంలోంచి చూస్తే అర్ధచంద్రాకారంలో ఒక బరువైన రేకు కనిపిస్తుంది. అదే రోటరు. చెయ్యి ఎటు వాలితే అటు తన బరువుకి తనే తిరుగుతుంది. దాని కింద రెండు కొక్కేలున్న చిన్న లీవరు ఉంది. రోటరు కుడికి తిరిగినా ఎడమకి తిరిగినా ఒక కొక్కెం పళ్లచక్రాన్ని లాగుతుంది, లేదంటే రెండోది నెడుతుంది. చక్రం మాత్రం ఎప్పుడూ ఒకే వైపు నడిచి స్ప్రింగుని బిగిస్తుంది. సీకో వాళ్లు 1959లో తెచ్చిన ఈ ఏర్పాటుకి మ్యాజిక్ లీవర్ అని పేరు. స్ప్రింగు నిండా బిగుసుకున్నాక దాని చివర డబ్బా గోడ వెంట జారుతుంది కాబట్టి ఎంత ఊపినా తెగదు. నిండుగా ఉంటే 40 గంటలు నడుస్తాను. సెకనుకి ఆరు టిక్కులు, రోజుకి 5,18,400.

మనిషి కదలికతో వాచీ నడపాలన్న ఆలోచన పాతదే. స్విట్జర్లాండులో పెరెలే అనే పనివాడు చేసిన జేబు గడియారం గురించి 1777లో జెనీవాలో ఒక నివేదిక వచ్చింది. జేబులో వేసుకుని పావుగంట నడిస్తే ఎనిమిది రోజులు ఆడుతుందట. ఆ మాట నాకు చాలా ఇష్టం. మేం అడిగేది పరుగులూ గెంతులూ కాదు, మామూలు మనిషి మామూలు నడక.

పెద్దాయన నన్ను 1999లో దుబాయ్ దేరాలో కొన్నారు. కడియం నుంచి అంత దూరం వెళ్లి ఆయన చేసింది మళ్లీ మొక్కల పనే: రోడ్ల పక్క పూలమళ్లు, పచ్చిక, డ్రిప్పు పైపులు. గల్ఫులో కొన్న వాచీని కాబట్టి నా వారాల చక్రం మీద ఇంగ్లీషుతో పాటు అరబీ కూడా ఉంది. ఇంగ్లీషుకి పెట్టుకున్నా సరే, అర్ధరాత్రి దాటి వారం మారేటప్పుడు ముందు అరబీ అక్షరాలు వచ్చి కాసేపు నిలబడతాయి. తెల్లారేలోగా ఇంగ్లీషులోకి జరుగుతాయి. నిద్రపట్టని రాత్రుల్లో ఆయన నన్ను కళ్లకి దగ్గరగా పెట్టుకుని ఆ అక్షరాలు చూసేవారు.

తిరిగొచ్చాక ఊళ్లోనే సొంత నర్సరీ పెట్టారు. కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక, వీరవరం... ఈ చుట్టుపక్కల ఎటు చూసినా మొక్కలే. గోదావరి ఒండ్రు, ధవళేశ్వరం నుంచి వచ్చే కాలవ నీళ్లు, తరాలుగా అంటు కట్టడం వచ్చిన చేతులు. ఆ చేతుల్లో ఒకదాని మీద ఇన్నేళ్లు బతికాను కాబట్టి ఈ పని గురించి చెప్పే హక్కు నాకుంది. మామిడి అంటు కట్టేటప్పుడు కత్తి కుడిచేతిదే అయినా ఎడమచెయ్యి ఊరుకోదు. కాండాన్ని పట్టుకుని కొంచెం తిప్పుతుంది, కోత వాటంగా ఉందో లేదో చూస్తుంది, పుల్లని ఒదిగిస్తుంది, ప్లాస్టిక్ రిబ్బను చుట్టే కొద్దీ వేళ్ల మధ్య మొక్కని దొర్లిస్తుంది. ఒక్కొక్క కదలికా జానెడు కూడా ఉండదు. అయినా మధ్యాహ్నం భోజనాల వేళకి నా స్ప్రింగు నిండిపోయేది. సాయంత్రం లారీ లోడింగు సరేసరి. నా మర మూడు గంటల దగ్గర కాక నాలుగు గంటల దగ్గర, అంచులోకి ఒదిగి ఉంటుంది. కుండీలు ఎత్తేటప్పుడు ఆయన చేతి వెనక ఏనాడూ గుచ్చుకోలేదు.

మొన్నటి వేసవిలో పెద్దాయనకి ఎడమ పక్క పక్షవాతం వచ్చింది. ఆసుపత్రిలో నన్ను విప్పి ఆయన భార్య చేతిసంచిలో వేశారు. అక్కడే ఆగిపోయాను. ఇంటికొచ్చిన రోజే ఆయన చెయ్యి చూపించి కట్టమన్నారు, కట్టారు. మర్నాటికల్లా మళ్లీ ఆగాను. చేతికి ఉండి కూడా ఆగానేంటని ఇంట్లో అందరూ కంగారుపడ్డారు. పొద్దున్నే ఆవిడ నన్ను అరనిమిషం అటూ ఇటూ ఊపి నడిపించేవారు. అది కదలడానికి సరిపోతుంది గాని స్ప్రింగు నిండటానికి చాలదు. వారం, తేదీ రోజూ సరిచెయ్యాలి. అదీ రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా ముట్టుకోకూడదు, తేదీ మార్చే పళ్లు అప్పటికే పట్టుకుని ఉంటాయి. ఇంతా చేస్తే, ఏ వారం ఏ మాత్ర వేసుకోవాలో ఆయన చూసుకునేది నాలోనే.

కొడుకు నన్ను రాజమండ్రి కోటగుమ్మం దగ్గర ఒక వాచీ రిపేరాయనకి చూపించారు. ఆయన మూత తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని చూసి, తన దగ్గరున్న తిప్పుడు యంత్రానికి నన్ను ఒక రోజు కట్టి ఉంచారు. ఆటోమేటిక్ వాచీలు బాగుచేశాక పరీక్షించడానికి రిపేరు షాపుల్లో అలాంటివి వాడతారు. మర్నాడు నిండుగా, హుషారుగా ఉన్నాను. “వాచీకేం కాలేదండి. చెయ్యి కదలట్లేదు, అంతే” అన్నారాయన. వైద్యుడి లాంటి మాట. ఇంట్లో ఎవరూ పైకి అనలేనిది అది.

బ్యాటరీ వాచీ కొంటామన్నారు. బీరువాలో పెళ్లినాటి హెచ్‌ఎంటీ జనతా ఉంది, రోజూ పొద్దున కీ ఇస్తే చాలు, ఆవిడే ఇస్తానన్నారు. అది గొప్ప వంశం వాచీ. హెచ్‌ఎంటీ వాళ్లు జపాన్ సిటిజన్‌తో కలిసి బెంగళూరులో 1961లో మొదలుపెట్టి దేశమంతటికీ టైము చూపించారు. 2016లో కేంద్రం ఆ వాచీల కంపెనీని మూసెయ్యాలని నిర్ణయించినప్పుడు నాకూ బాధేసింది. పెద్దాయన జనతాని చేతిలోకి తీసుకుని తుడిచి మళ్లీ బీరువాలోనే పెట్టించారు.

అప్పుడు మనవడు తెప్పించాడు ఈ పెట్టెని. వాచ్ వైండర్. పైన అద్దం మూత, లోపల మెత్తటి దిండు, వెనక చిన్న మోటారు. దిండుకి నన్ను తొడిగితే మోటారు కాసేపు తిప్పుతుంది, కాసేపు ఊరుకుంటుంది. ఎటు తిప్పాలి, రోజుకి ఎన్ని చుట్లు అన్నది మనం పెట్టుకోవాలి. కొన్ని వాచీల్లో రోటరు ఒక వైపు తిరిగితేనే స్ప్రింగు బిగుస్తుంది, రెండో వైపు ఉత్తినే తిరుగుతుంది. వాటికి ఆ వైపే పెట్టాలి. నాకు రెండు వైపులా పనికొస్తాయి. మామూలుగా నాకు రోజుకి 650 నుంచి 800 చుట్లు చాలు. కాని మా లెక్క వేరు. పగలంతా నేను ఆయన చేతికే ఉండాలి, పెట్టెకి దొరికేది రాత్రి పన్నెండు గంటలే. అందుకని మనవడు 1,000 పెట్టాడు. రాత్రికి అందులో సగం వస్తే, మిగతాది పగలు ఆ చెయ్యి ఎంత ఇస్తే అంత.

దిండు పెద్దదైంది. ఆయన మణికట్టు చిక్కిపోయాక నా గొలుసులో రెండు లింకులు తీసేశారు మరి. ఆవిడ పాత తువ్వాలు చింపి, దూది కూరి, సరిపడా చిన్న దిండు కుట్టారు. పెట్టెని మొదట స్పీకరు పక్కన పెట్టబోతే రిపేరాయన ఫోన్లో వద్దన్నారు. అయస్కాంతం సోకితే లోపల వెంట్రుకలాంటి స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, వాచీ నిమిషాలకి నిమిషాలు ముందుకి పోతుంది. చౌకరకం వైండర్లలో మోటారు అయస్కాంతానికి సరైన అడ్డు లేకపోయినా అదే ప్రమాదం.

పెట్టె మంచిదే, కాని దాని చేతికీ మనిషి చేతికీ తేడా నాకు తెలుస్తుంది. పెట్టెలో ఎప్పుడూ ఒకే వాలు, ఒకే వేగం. రాత్రంతా ఒకే భంగిమలో ఉండటం వల్ల నా నడకలో రోజుకి కొన్ని సెకన్ల తేడా కూడా వచ్చింది. నాలుగైదు వాచీలున్నవాళ్లు అన్నిటినీ రాత్రీ పగలూ తిప్పుతూనే ఉంచుతారని విన్నాను. అది అక్కర్లేదు. ఆగినంత మాత్రాన మేం పాడవం. నడుస్తున్నంతసేపూ అరుగుదల ఉంటుంది, లోపలి నూనె ఎలాగూ కొన్నేళ్లకి ఎండుతుంది, సర్వీసింగు తప్పదు. సంవత్సరాల లెక్క, నెలల లెక్క అన్నీ చూపించే పెద్ద క్యాలెండరు వాచీలున్నాయి, ఒకసారి ఆగితే సరిచెయ్యడం యజ్ఞం. వాటికి వైండరు అవసరం. లేదంటే మా పెద్దాయనలా, కట్టుకోవాలని ఉండి చెయ్యి సహకరించనివాళ్లకి.

ఫిజియోథెరపీ అబ్బాయి మెత్తటి బంతి ఇచ్చి పిండమనేవాడు. వేళ్లకి అది మంచిదేమో గాని నాకు చుక్క శక్తి రాలేదు, రోటరు కదలనే లేదు. తర్వాత చిన్న కర్ర ఇచ్చి మణికట్టు అటూ ఇటూ తిప్పమన్నాడు. అప్పుడు కదిలింది. మొదట పావు చుట్టు, వెనక్కి, మళ్లీ పావు చుట్టు. నెలలు గడిచేకొద్దీ అర చుట్టయింది. పొద్దున పెట్టెలోంచి బయటికొచ్చినప్పుడు ఎంత నిండుగా ఉన్నానో, రాత్రి మళ్లీ అందులోకి వెళ్లేటప్పుడు ఎంత మిగిలి ఉన్నానో నాకొక్కదానికే తెలిసేది. ఆ మిగులు పెరుగుతోందని నేను డాక్టరు కంటే ముందే కనిపెట్టాను. ఆయన వరండాలో కూర్చుని కవర్లలో మట్టి నింపడం మొదలుపెట్టారు. “మీకెందుకండీ, మేం చేత్తాం కదండి, ఆయ్” అని పనివాళ్లు మొత్తుకున్నా వినలేదు.

ఈలోగా తుపాను వచ్చింది. నర్సరీలో నీడ వలలు చిరిగిపోయాయి, కుండీలు దొర్లిపోయాయి, కరెంటు పోయింది. పెట్టె ఆగిపోయింది. మొదటి రాత్రి దిండు మీదే కదలకుండా ఉన్నాను. తెల్లారగానే ఆయన నన్ను కట్టుకుని తోటలోకి వెళ్లారు. పడిపోయిన కాగితంపూల మొక్కల్ని కుడిచేత్తో లేపి, ఎడమచేత్తో పట్టుకుని, కర్రకి కట్టారు. ఆ మర్నాడూ అదే పని. కరెంటు రాలేదు.

మూడో రోజు పొద్దున మనవడు ఫోను తీసి నాతో సరిచూశాడు. ఒక నిమిషం ముందున్నాను, వారమూ తేదీ సరిగ్గానే ఉన్నాయి. “తాతయ్యా, రెండు రాత్రుల నుంచి పెట్టె తిరగలేదు కదా! ఇదెలా ఆడుతోంది?” అన్నాడు. పెద్దాయన నన్ను విప్పి, బోర్లా తిప్పి, నా వెనక అద్దాన్ని వాడికి చూపించారు. రోటరు గిర్రున తిరిగింది.

సాయంత్రానికి కరెంటొచ్చింది. మనవడు పెట్టె మీద అంకెని 1,000 నుంచి 650కి దించి, వాచీ ఇవ్వమని చెయ్యి చాపాడు. ఆయన ఇవ్వలేదు. హైదరాబాదుకి మొక్కలు తీసుకెళ్లే లారీ గేటు దగ్గర ఆగి ఉంది, లోడింగు అయ్యాక ఇస్తానన్నారు.