ఏడవని పాప

మా పాప ఏడవదని ఊళ్ళోవాళ్ళు మెచ్చుకుంటుంటే నేను మురిసిపోయాను. పుట్టి వారం తిరక్కుండానే బిడ్డకు నెమ్మదస్తురాలని పేరొచ్చింది. ఆ నెమ్మది ఎక్కణ్ణుంచి వస్తోందో తెలుసుకునే చదువు నాకుంది. చెప్పడానికి మనుషులూ ఉన్నారు. అయినా నేను వినలేదు. ఎందుకు వినలేదో చెప్పడం నాకిప్పటికీ కష్టంగానే ఉంది.

మా అత్తవారిది గుడివాడ. పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక దగ్గర ఓ పల్లె. తొలి పురుడు పుట్టింట్లో పోయడం ఆచారం కాబట్టి నెలలు నిండుతుండగా నన్ను తీసుకొచ్చారు. మా వైపు ఏ కాస్త చిక్కున్న కాన్పయినా బందరు వెళ్ళాల్సిందే. నాకూ అక్కడే రాసిచ్చారు. రాత్రంతా నొప్పులు పడ్డాక, తెల్లవారుజామున బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని ఆపరేషన్ చేశారు. పాప కేరుమని ఏడ్చింది. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చాను.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్ కాన్పులే. అంటే నాలాంటి తల్లులు వీధికి పదిమంది ఉంటారు. ఈ సంగతి తెలిసీ, చూడ్డానికొచ్చిన చుట్టాలావిడ "అయ్యో, నొప్పులు పడి కూడా కనలేకపోయిందా" అంటే నా మొహం మాడిపోయింది. ఆవిడ మనసులో ఏమీ పెట్టుకుని అనలేదు. నేనే ఆ మాటను పట్టుకున్నాను. కనడం ఎలాగూ నా వల్ల కాలేదు, కనీసం పాలివ్వడమైనా సరిగ్గా చేస్తానని పంతం పట్టాను. ఆ పంతం కొద్దిగా సడలినా బాగుండేది.

పాప రొమ్ము పట్టలేదు. పట్టుకున్నట్టే పట్టుకుని, నాలుగు చప్పరింపులు చప్పరించి నిద్రపోయేది. కుట్ల నొప్పితో నేను వంగలేను, పక్కకు తిరగలేను. ఆపరేషన్ అయినవాళ్ళలో పాలు పడడం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. ముర్రుపాలు మొదట్లో చెంచాల లెక్కనే వస్తాయి, ఆ పసిపొట్టకు ఆ చెంచాలే చాలు. కానీ ఆ చెంచాడైనా దాని కడుపులోకి చేరాలి కదా. వార్డులో నర్సమ్మ మంచం మంచానికీ తిరుగుతూ "పాలు పట్టావా అమ్మా, బాగా తాగుతోందా?" అని అడిగేది. "ఆఁ, తాగుతోందండీ" అనేదాన్ని. పక్క మంచం మీద, ముచ్చటగా మూడో బిడ్డకు హాయిగా పాలిస్తున్న తల్లి ఉంది. ఆవిడ ముందు నాకు చేతకావడం లేదని చెప్పుకోలేకపోయాను.

ఆపరేషన్ కాన్పయితే సర్కారు ఆసుపత్రిలో వారం దాకా ఉంచుతారు. ఆ వారం రోజుల భోజనం కూడా జననీ శిశు సురక్ష పథకం కింద 2011 నుంచి ఉచితమే. నేను ఉండలేకపోయాను. అమావాస్య దగ్గర పడుతోంది, పసిబిడ్డతో అమావాస్యనాడు ప్రయాణమేంటి, ఈలోపే ఇంటికి చేరాలని పట్టుబట్టాను. ఇంకొక్క రోజు ఆగండి, పిల్లను చూసి పంపిస్తామన్నారు. నాకు అమావాస్య మీద అంత నమ్మకమేం లేదు. ఆ వార్డులోంచి, ఆ ప్రశ్నలోంచి బయటపడాలి, అంతే. మావారిని కూర్చోబెట్టి ఏడ్చి, మా ఇష్టం మీదనే వెళ్తున్నామని కాగితం మీద సంతకం పెట్టించాను.

తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి మమ్మల్ని ఇంటి గుమ్మం దాకా దింపింది. చల్లపల్లి, మోపిదేవి మీదుగా వచ్చి, పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటాం. మోపిదేవిలో బండి కాస్త నెమ్మదిస్తే అమ్మ లోపల్నుంచే సుబ్రహ్మణ్యస్వామికి దణ్ణం పెట్టింది. పిల్లలు కావాలని నేనూ ఆ గుళ్ళో మొక్కుకున్నదాన్నే. ఇంటి దగ్గర ఎర్రనీళ్ళు దిగదుడిచి లోపలికి తీసుకెళ్ళారు. ఆ సాయంత్రం నా అంత సంతోషంగా ఎవరూ ఉండి ఉండరు.

మా పురిటి గది సంగతి చెప్పాలి. చలికాలం. కిటికీలు మూసి, సందుల్లో పాత గుడ్డలు కుక్కారు. నాకు చెవుల్లో దూది, తలకు గుడ్డ. పసుప్పచ్చటి చిన్న బల్బొకటి వెలుగుతుండేది. సాంబ్రాణి పొగ. పాపకు నూనె రాసి, శనగపిండిలో పసుపు కలిపి నలుగు పెట్టి నీళ్ళు పోసేవాళ్ళు. ఆ దీపం కింద ఆ ఒంటిని చూస్తే బంగారుబొమ్మలా ఉందనిపించేది. పచ్చగా ఉందేమిటని ఒక్కరమూ అనుకోలేదు.

నాకు తిండికి లోటు లేదు. వెల్లుల్లి కారం, మునగాకు వేసిన తెలగపిండి కూర, పాలు బాగా పడతాయని బందరు నుంచి తెప్పించిన పాలసొర. నీళ్ళు మాత్రం తక్కువ తాగమనేవారు, పొట్ట పెరుగుతుందని. ఆసుపత్రిలో నీళ్ళు బాగా తాగమన్నారు. ఆ మాట అమ్మమ్మకు చెప్పొచ్చు. చెప్పలేదు. తక్కువ తాగితే పదేపదే లేవక్కర్లేదు, కుట్లు లాగవు. కానీ బిడ్డను లేపి పాలు పట్టమని అదే అమ్మమ్మ అంటే మాత్రం, "నిద్రపోయే పిల్లను లేపకూడదు అమ్మమ్మా, డాక్టర్లే చెబుతున్నారు" అని ఫోన్లో ఏదో వీడియో చూపించాను. అమ్మమ్మ మాట కష్టమనిపిస్తే డాక్టరు పేరు చెప్పాను. డాక్టరు మాట కష్టమనిపిస్తే అమ్మమ్మ పేరు చెప్పాను. మూఢనమ్మకం వల్ల తప్పు చేశానంటే అది అబద్ధం. చదువు వల్ల చేశానన్నా అబద్ధమే. రెండిట్లో నా సిగ్గును దాచిపెట్టే మాట ఏదయితే దాన్ని ఎంచుకున్నాను.

బిడ్డను లేపమని అమ్మమ్మ ఊరికే అనలేదు. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు మా అమ్మ నెలల పిల్ల. ఊళ్ళో ఒక్క డాబా మీదకు ఎక్కగలిగినవాళ్ళు ఎక్కారు. అమ్మమ్మ తడిసిన చీరలోనే బిడ్డను గుండెకు అదుముకుని కూర్చుంది. ఆ ఉప్పెనలో దాదాపు పదివేల మంది పోయారని సర్కారు లెక్క. అంతకన్నా చాలా ఎక్కువని మా వాళ్ళు అంటారు. "పిల్ల ఏడుస్తున్నంతసేపూ నాకు ధైర్యంగానే ఉందే. తెల్లారగట్ల ఏడుపు ఆపేసింది. అప్పుడు భయమేసింది. అరికాలు గిల్లాను, చెవి నులిమాను. ఏడిచేదాకా ఊరుకోలా. ఏడిచాక రొమ్ము నోట్లో పెట్టా" అని చెప్పింది. మా పాప పక్కలో కూర్చునే చెప్పింది, పాప అరికాలు మీద వేలితో రాస్తూ. ఆ కథ నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. అదొక పాత గండం కథ అనుకున్నానే తప్ప, ఆవిడ అప్పుడు మాట్లాడుతున్నది నా బిడ్డ గురించని నాకు తట్టలేదు.

ఇంకొకటి కూడా ఉంది. ఎవరూ లేనప్పుడు నేను పాపకు గ్లూకోజు నీళ్ళు పట్టాను. నేను చేసినవాటిలో దీన్ని రాయడానికే చెయ్యి ఎక్కువ వెనకాడింది. రాత్రిపూట అది సన్నగా మూలిగితే, దిండు కింద దాచిన పొట్లంలోంచి చిటికెడు తీసి, ఉగ్గుగిన్నెలో కలిపి నోట్లో పోసేదాన్ని. చప్పరించి పడుకునేది. డబ్బాపాలు పడితే అందరికీ తెలిసిపోతుందని, నీళ్ళయితే ఎవరికీ తెలియదని ఈ పని చేశాను. ఆ నీళ్ళతో కడుపు నిండినట్టయి ఆ పసిదానికి ఆకలి తెలియలేదు. ఆకలి తెలియక ఏడవలేదు. ఏడవలేదని అందరూ మెచ్చుకున్నారు.

ఆసుపత్రి కాన్పయిన ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలని ఏర్పాటుంది. మా ఊరి ఆశా అక్క, మేం వచ్చామని తెలిసి మర్నాడే వచ్చింది. నేను తలుపు ఓరగా తీసి, "పాప ఇప్పుడే పాలు తాగి పడుకుందక్కా, మళ్ళీ రా" అన్నాను. పురిటి మైల కదాని ఆవిడా గట్టిగా లోపలికి రాలేదు. రాసుకుని వెళ్ళిపోయింది. గుడివాడ నుంచి మా అత్తయ్యగారు రోజూ వీడియో కాల్ చేసి అడిగితే ఆవిడకూ అదే జవాబు.

రెండోసారి ఆశా అక్క తలుపు దగ్గర ఆగలేదు. పాపను ఎత్తుకుని తిన్నగా వరండాలోకి, ఎండ వెలుతురులోకి తీసుకెళ్ళింది. ముక్కు మీద వేలితో అదిమి వదిలింది. తర్వాత రొమ్ము మీద, పొట్ట మీద, చివరికి అరికాలి మీద. అదిమిన చోటల్లా చర్మం పచ్చగా తేలింది. "నలుగు పసుపక్కా" అన్నాను. పాప కనురెప్ప పైకెత్తి "కళ్ళలో కూడా నలుగు పెట్టారా?" అంది. తెల్లగుడ్డు పచ్చగా ఉంది. పొద్దుట్నుంచి ఎన్ని గుడ్డలు తడిపిందని అడిగింది. అమ్మ ఒక్క గుడ్డ తెచ్చి చూపించింది, దాని మీద ఇటుకరంగు మరక. ఐదారు రోజుల పిల్ల రోజుకు కనీసం ఆరు గుడ్డలు తడపాలి. సంచిలోంచి తూకం తీసి పాపను తూచి, కాన్పు కాగితం మీద బరువుతో సరిచూసుకుని, నా మొహం కేసి చూసింది. ఏమీ అనకుండా 108కి ఫోన్ చేసింది.

వచ్చిన దారినే మళ్ళీ బందరుకు. ఆ దారంతా అమ్మమ్మ పాప అరికాళ్ళు రాస్తూనే ఉంది. నేను దాన్ని పేరు పెట్టి పిలుస్తున్నాను. అప్పటికింకా బారసాల కాలేదు, ఎవరికీ చెప్పకుండా నేను మనసులో అనుకున్న పేరు అది.

పుట్టిన పిల్లల్లో చాలామందికి కాస్త పచ్చకామెర్లు వచ్చి పోతాయి. పాత ఎర్ర రక్తకణాలు విరిగి బిలిరుబిన్ తయారవుతుంది. పసి కాలేయం దాన్ని గబగబా బయటకు పంపలేదు. పోవలసింది మలంలోంచి. పాలు తాగకపోతే మలం రాదు. పేగుల్లో నిలిచిన బిలిరుబిన్ తిరిగి రక్తంలో కలుస్తుంది. అది పెరిగేకొద్దీ బిడ్డ మత్తుగా పడుకుంటుంది, మత్తులో పాలు తాగదు, తాగక ఇంకా పెరుగుతుంది. హద్దు దాటితే మెదడుకెక్కుతుంది. అప్పుడు వినికిడి పోవచ్చు, కాళ్ళూ చేతులూ స్వాధీనం తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. మా పాప నెమ్మది అదీ.

కళ్ళకు గంతలు కట్టి నీలిరంగు దీపాల కింద పడుకోబెట్టారు. ఆ వెలుగు చర్మంలోని బిలిరుబిన్ ఆకారాన్ని మార్చి, ఒంట్లోంచి సులువుగా బయటకు పోయేలా చేస్తుంది. ఈ వైద్యం ఎలా మొదలైందో తర్వాత చదివాను. 1956లో ఇంగ్లండులో ఎసెక్స్ ప్రాంతంలోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను సిస్టర్ వార్డ్ అనే నర్సు ఎండపూట ఆరుబయటకు తీసుకెళ్ళేది. ఒక బిడ్డ ఒంటి మీద దుప్పటి అంచు కప్పిన మేర మాత్రమే పచ్చదనం మిగిలి, ఎండ తగిలిన చోట చర్మం తేటపడిందని ఆవిడ డాక్టర్లకు చూపించింది. అక్కడ పనిచేసే క్రెమర్, తోటివాళ్ళు 1958లో దీపాలతో చేసిన వైద్యాన్ని ప్రకటించారు. ఒక నర్సు బిడ్డను వెలుతురులోకి తీసుకెళ్ళి శ్రద్ధగా చూసింది. మా వరండాలో ఆశా అక్కా అదే చేసింది. ఇది చదివి, ఎండలో కాసేపు పడుకోబెడితే చాలని మాత్రం ఎవరూ అనుకోకండి. అరికాళ్ళ దాకా పచ్చబడ్డ బిడ్డకు కావలసింది రక్త పరీక్ష, ఆసుపత్రి దీపాలు, కడుపునిండా పాలు.

పాలివ్వడం నాకు నేర్పింది ఆ వార్డులో రాత్రి డ్యూటీ నర్సు. కుట్ల మీద బరువు పడకుండా బిడ్డను చంక కిందుగా పెట్టుకోవడం, నోరు బాగా తెరిచేదాకా ఆగి మొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్ళేలా పట్టించడం, మత్తుగా ఉంటే పాలు పిండి ఉగ్గుగిన్నెతో పోయడం, రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు లేపి మరీ పట్టడం. లేపడానికి అరికాలు రాయమంది. అమ్మమ్మ వైపు చూడలేకపోయాను. ఇదంతా కాన్పయిన మొదటిరోజే నేర్చుకునేదాన్ని, "రావడం లేదండీ" అని ఒక్క మాట అని ఉంటే. ఆ నర్సుకు మాత్రం అన్నీ చెప్పాను, గ్లూకోజు నీళ్ళతో సహా. "చెప్పావు కదా, ఇక చూసుకుందాం" అంది.

పాప కోలుకుంది. తర్వాత చేయించిన వినికిడి పరీక్ష కూడా బాగానే వచ్చింది. ఇప్పుడు బాగా ఏడుస్తుంది, వీధి చివరిదాకా వినిపిస్తుంది.

గుడివాడలో బారసాల ఆలస్యంగా చేశాం. వచ్చినవాళ్ళందరూ, ఆసుపత్రి నుంచి అంత తొందరగా ఎందుకు తీసుకొచ్చేశారని అడిగారు. "నేనే తొందరపడ్డాను, సంతకం పెట్టింది నేనే కదా" అన్నారు మావారు. మా మావయ్యగారు నలుగురిలో ఆయన్ను కేకలేశారు. నేను పాపను ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాను. ఆ తర్వాత కూడా ఎవరడిగినా ఆయన అదే చెబుతున్నారు, నేనూ చెప్పనిస్తున్నాను. ఆయన ఆ రోజు ఇంకొక్క రోజు ఆగుదామనే అన్నారు. సంతకం పెట్టేముందు పెన్ను పట్టుకుని నా వైపు చూసి, "పాప నిజంగా పాలు తాగుతోందా?" అని కూడా అడిగారు. తాగుతోందని నేనే చెప్పాను. ఇది మా మావయ్యగారు చదవాలని రాశాను.