దామగుండం దొరవారికి

మహారాజశ్రీ దామగుండం వీఎల్‌ఎఫ్ రాడార్ కేంద్రం వారి సముఖానికి,

తాండూరు నుంచి మీ పొరుగు జిల్లావాసి కాదు, సొంత వికారాబాదు జిల్లావాసే నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. మేమిక్కడ బండల దుమ్ముకూ సిమెంటు లారీలకూ అలవాటుపడి క్షేమంగానే ఉన్నాం. మీరూ పునాదుల మీద క్షేమంగా పెరుగుతున్నారని తలుస్తాను. 2027కల్లా పూర్తవుతారని చెప్పారు. ఇంకా పూర్తికాని వారికి ఉత్తరమేమిటని అనుకోకండి. మూడు వేల రెండొందల కోట్లు పెట్టి కడుతున్నారంటే మీకు చదవడమైనా వచ్చి ఉంటుంది.

ముందు మా మర్యాద సంగతి మనవి చేస్తాను. వచ్చిన చుట్టాన్ని వాకిట్లో నిలబెట్టడం మా వైపు లేదు. పూడూరు మండలంలో 2,900 ఎకరాల రిజర్వు అడవి మీ పేరిట పెట్టారు. ఇక్కడ కంది వేసుకునే రైతుకు రెండెకరాలు పాసుబుక్కులో ఎక్కాలంటే చెప్పులు అరుగుతాయి. మీకు మాత్రం 2024 జనవరిలో కాగితాలు చేతికొచ్చాయి. అదే ఏడాది అక్టోబరు 15న, అబ్దుల్ కలాం పుట్టినరోజు చూసుకుని మరీ, రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ గారు వచ్చి శంకుస్థాపన చేశారు. పక్కన ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు. ఆయన మా జిల్లా కొడంగల్ ఎమ్మెల్యేనే. పొద్దున లేస్తే ఒకరినొకరు తిట్టుకునే రెండు పార్టీలు మీ కోసం ఒకే వేదిక మీద కూర్చున్నాయి. ఈ యోగం మా ఊళ్లో ఏ రోడ్డుకూ పట్టలేదు.

ఇంతకీ మిమ్మల్ని పిలిచిందెవరో నాకిప్పటికీ తేలలేదు. నేవీ వారు 2010 నుంచే మీకోసం స్థలం చూస్తున్నారట. 2017లో జీవో వచ్చింది, అప్పుడు సర్కారు కేసీఆర్ గారిది. మొత్తం కేసీఆర్ గారి హయాంలోనే అయింది కదా అని రేవంత్ గారంటారు. కేంద్రం ఎంత ఒత్తిడి తెచ్చినా మేం ఒప్పుకోలేదు, ఇచ్చింది రేవంత్ గారే అని కేసీఆర్ గారి కుమారుడు కేటీఆర్ గారంటారు. అడవి పోతే మూసీ కూడా పోతుందని ఆయన వాదన. ఆ మూసీ పుట్టింది మా అనంతగిరిలోనే. దాన్ని హైదరాబాదులో శుభ్రం చేయడానికి వేల కోట్ల పథకం వేసిన ప్రభుత్వమే, పుట్టిన వైపున్న అడవిని మీకు అప్పజెప్పింది. కుర్చీలో ఉన్నప్పుడు దేశభద్రత, దిగాక పర్యావరణం. మీరు పైకి చూస్తూ ఉంటారు గనుక కింద జరిగే ఈ మార్పిడి మీకు కనపడదేమో.

దయచేసి అపార్థం చేసుకోకండి. మీ పని గొప్పదేనని తెలుసు. మా జిల్లాలో పడవ ఎక్కాలంటే కోట్‌పల్లి ప్రాజెక్టుకు పోవాలి, అక్కడ కూడా తెడ్డు మనమే వేసుకోవాలి. అలాంటి చోటికి నేవీ ఏమిటని మొదట్లో నవ్వుకున్నవాళ్లలో నేనొకణ్ని. తర్వాత కొంత చదివాను. నీళ్ల కింద తిరిగే జలాంతర్గాములకు కబురు పంపడం మీ పనట. మామూలు రేడియో అల ఉప్పునీళ్లలోకి దిగదు. మీది 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ లోపు పనిచేసే, అతి నెమ్మదిగా ఊగే అల. దాని పొడవు ఎంతంటే రెండు మూడు అలలకే వికారాబాదు నుంచి తాండూరు వచ్చేస్తుంది. అది నేలకూ పై వాతావరణానికీ మధ్య వేల కిలోమీటర్లు పాకిపోయి, సముద్రంలో కొన్ని పదుల మీటర్ల లోతు దాకా దిగుతుంది. అక్కడ జలాంతర్గామి తన వెనక పొడవాటి తీగ ఒకటి ఈడ్చుకుంటూ, చప్పుడు చేయకుండా పోతూ ఉంటుంది. మీరు పంపిన అక్షరాలు ఆ తీగకు ఒక్కొక్కటే అందుతాయి. గొంతు పంపేంత వెడల్పు ఆ అలకు లేదు. పొట్టి పొట్టి మాటలే.

ఆ జలాంతర్గామి అదే దారిన మీకు తిరిగి జవాబివ్వలేదు. మీలాంటి స్తంభాలు మోసుకుని సముద్రంలో తిరగలేదు కదా. మాట్లాడాలంటే పైకి రావాలి, పైకొస్తే శత్రువుకు దొరుకుతుంది. కాబట్టి చెప్పడం మీ వంతు, వినడం దాని వంతు. ఇది చదివాక మా అర్జీల గతి నాకు అర్థమైంది. అడవిలో పశువులు మేపుకునేవాళ్లు అడిగారు, పర్యావరణం వాళ్లు అడిగారు, 2020లో హైకోర్టు మెట్లెక్కారు. పైనుంచి కిందికి మాట చక్కగా వచ్చింది. కిందినుంచి పైకి పోయే తీగ ఎవరూ వేయలేదు.

పైగా మీ నోట్లోంచి వచ్చే మాట కూడా మీది కాదు. అణ్వాయుధాలు మోసే జలాంతర్గాములకు ఆజ్ఞ పోయేది మీ దారినే కావచ్చు. 2003 జనవరి 4న ప్రకటించిన ఏర్పాటు ప్రకారం, అణ్వాయుధం వాడమని చెప్పే అధికారం ప్రధానమంత్రి అధ్యక్షతన ఉండే పొలిటికల్ కౌన్సిల్‌ది. ముందుగా మనం వాడం అన్నది అప్పటి మాట. 2019 ఆగస్టులో పోఖ్రాన్‌లో నిలబడి, మున్ముందు సంగతి పరిస్థితులను బట్టి ఉంటుందని చెప్పింది, మీకు పునాదిరాయి వేసిన రాజ్‌నాథ్ గారే. ఢిల్లీలో ఒక గదిలో కొందరు అనుకున్నది, పూడూరు మీదుగా హిందూ మహాసముద్రంలోకి పోతుంది. మధ్యలో మేముంటాం.

మీ వంశంలో పెద్దవారి సంగతి మీకు తెలియకపోదు. ఆస్ట్రేలియా పడమటి కొసన, నార్త్ వెస్ట్ కేప్‌లో, అమెరికా వాళ్లు తమ జలాంతర్గాముల కోసం 1967లో ఒకరిని నిలబెట్టారు. ప్రారంభించిన ఆస్ట్రేలియా ప్రధాని హెరాల్డ్ హోల్ట్ అదే ఏడాది డిసెంబరులో సముద్రంలో ఈతకు వెళ్లి మళ్లీ కనపడలేదు. ఆ కేంద్రానికి ఆయన పేరే పెట్టుకున్నారు. 1973 అక్టోబరులో అరబ్బులకూ ఇజ్రాయెల్‌కూ యుద్ధం నడుస్తుంటే, వాషింగ్టన్‌లో ఒక రాత్రి విదేశాంగ మంత్రి కిసింజర్, ఇంకొందరు కూర్చుని అమెరికా బలగాలను అణు అప్రమత్తతలో పెట్టారు. అధ్యక్షుడు నిక్సన్ ఆ సమావేశంలోనే లేడు. ఆ కేప్ కూడా అప్రమత్తమైంది. ఆ నేల ప్రధాని విట్లమ్‌కు మాత్రం ముందుగా చెప్పినవాడు లేడు. ప్రధానికే చెప్పని చోట పూడూరు సర్పంచికి చెబుతారా?

తిరునల్వేలిలో మీ అక్కగారు, ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్, 1990 నుంచి ఒక్కతే ఈ పని చూసుకుంటోంది. ఒక్కటే ఉంటే దాన్ని కొడితే జలాంతర్గాములకు కబురే అందదు, అందుకే రెండోది కావాలన్నారు. ఒప్పుకుంటాను. నన్ను నిద్రపోనివ్వనిది దాని తర్వాతి లెక్క. మొదటిదాన్ని కొడతాడని భయపడ్డ శత్రువు, రెండోదాన్ని చూసి దండం పెట్టి పోతాడా? పాకిస్తాన్‌తో ఉద్రిక్తత నడుమ 2025 మే 7న హైదరాబాదులో యుద్ధ సన్నాహక సైరన్లు మోగిన సాయంత్రం మా వీధిలో అందరూ టీవీల ముందున్నారు. మా ఇంట్లో ఒక్కటే ప్రశ్న: మన జిల్లాలో ఉంది కదా అదేదో, అది తయారైందా ఇంకా? తయారవలేదని తెలిసి ఊపిరి పీల్చుకున్నాం. దేశం కోసం కడుతున్న దాన్ని చూసి, ఇంకా కాలేదని సంతోషించడం నాకు సిగ్గుగా ఉంది. ఆ సిగ్గులో కొంత భాగం మీకూ రావాలి.

మీరు పోగొట్టిన చెట్ల లెక్క గురించి పోట్లాడను. ప్రభుత్వం ఒకటి చెబుతుంది, ఉద్యమంవాళ్లు దానికి ఎన్నో రెట్లు చెబుతారు. బదులుగా 17.55 లక్షల మొక్కలు నాటుతామన్నారు. నాటడం మావాళ్లకు బాగా వచ్చు, హరితహారం పథకంలో చూశాం. నీళ్లు పోసేవాడి పేరు కూడా రాసి ఉంచితే బాగుండేది.

ఇక అసలు మనవి. మీ గోడ లోపలికి రామలింగేశ్వరస్వామి గుడీ గుండమూ వచ్చేశాయి. భక్తులను ఆపబోమని పెద్దలు వేదిక మీద చెప్పారు, విన్నాం. వేదిక మీది మాటకు చెల్లుబాటు ఎన్నాళ్లో కూడా మాకు తెలుసు. కనుక కొన్ని సంగతులు రాసివ్వండి. గేటు దగ్గర ఆధార్ చూపిస్తే చాలా, పాసు తెచ్చుకోవాలా? శివరాత్రి జాగరణకు తెల్లవార్లూ ఉండనిస్తారా, ఆరింటికే బయటికి పొమ్మంటారా? ఫోన్లు గేటు దగ్గర తీసుకుంటే ముసలాళ్లు లోపల తప్పిపోయినప్పుడు ఎవర్ని అడగాలి? సరిహద్దులో ఏదైనా జరిగి గేటు మూసేస్తే, మళ్లీ ఎప్పుడు తెరుస్తారో ఎవరు చెబుతారు? ఇవన్నీ తెలుగులో, పెద్దక్షరాలతో, సంతకం చేసిన ఆఫీసరు హోదాతో సహా, పూడూరు బస్టాండులో అంటించగలరు. హిందీలోనూ ఇంగ్లీషులోనూ బోర్డు పెట్టి ఊరుకోవద్దని ప్రత్యేక ప్రార్థన.

చిత్తగించవలెను.

ఇట్లు,
విధేయుడు,
తాండూరు నివాసి ఒకడు