కారం మర సందు

మొన్న ఆదివారం మా సందుకి పేరు పెట్టారు నాయనా. అరవై ఏళ్లుగా దానికి పేరే లేనట్టు! గుంటూర్లో కారం మర సందు ఎక్కడంటే పాలు తాగే పిల్లాడు కూడా వేలు చూపించేవాడు. ఆ మర గలాయన పోయి రెండేళ్లయింది, మంచి మనిషి. ఇప్పుడు ఆయన ఇంటిపేరూ ఒంటిపేరూ కలిపి, ముందు ‘శ్రీ’, వెనక ‘గారి మార్గము’ తగిలించి, నల్లరాతి మీద బంగారు రంగు అక్షరాలు చెక్కించారు. పది గంటలకన్నారు. పెద్దలు పన్నెండున్నరకి వచ్చారు. తీరా ముసుగు తాడు లాగితే ముడి బిగుసుకుపోయి ఊడి రాలేదు. కరెంటు పనివాడు స్టూలెక్కి బ్లేడుతో కోశాడు. ఈలోగా ఫొటోలు తీయడం అయిపోయింది, ముసుగుతోనే.

మా రోజుల్లో పేరు పెట్టడానికి రాయీ అక్కర్లేదు, తాడూ అక్కర్లేదు. ముక్కుంటే చాలు. ఎండాకాలం వచ్చిందంటే ఆడవాళ్లంతా తొడిమలు తీసి ఎండబెట్టిన మిరపకాయలు డబ్బాల్లో పోసుకుని మర ముందు వరస కట్టేవాళ్లు. సందు మొదట్లో అడుగు పెడితే తుమ్ము మొదలు, చివర దాటితే ఆగేది. రిక్షావాడికి దారి చెప్పేపనే లేదు, తుమ్మొచ్చిన చోట ఆపేవాడు. ఆయనకి కనుబొమలతో సహా ఒళ్లంతా ఎర్రపొడి. డబ్బాల మీద పేర్లు రాసేవాడు కాదు, అన్నీ బుర్రలోనే. మా అమ్మ డబ్బా మూతకి చొట్ట ఉండేది. అంచేత ఆవిడ ‘చొట్టడబ్బా అమ్మగారు’. ఆ పేరు వీధంతా అంటుకుంది. నేను పెళ్లి చూపులకి వెళ్తే అవతలివాళ్లు “చొట్టడబ్బా వారబ్బాయేనా?” అని అడిగారు. చూశావా, మర ఆడించుకునే ఆయన మాకే ఇంటిపేరు పెట్టాడు, ఏ తీర్మానమూ లేకుండా!

ఏం చెబుతున్నాను? ఆఁ, పేర్లు. మా ఊళ్లో శంకర్ విలాస్ సెంటరుంది. అది హోటలు పేరు. ఆ పేరు కూడలికి పాకి, అక్కణ్ణించి రైలు పట్టాల మీది వంతెనకెక్కింది. పాత వంతెన పడగొట్టి కొత్తది కడతామన్నప్పుడు కూడా పేపర్లో శంకర్ విలాస్ వంతెననే రాశారు. బ్రాడీపేటకి దొరగారి పేరున్నా లోపలి వీధులకి అంకెలే. నాలుగో లైను, పధ్నాలుగో అడ్డరోడ్డు అంటే కళ్లకి గంతలు కట్టినా చేరొచ్చు. ఎవరికీ దండ వెయ్యక్కర్లేదు.

ఉద్యోగానికి హైదరాబాదు పోతే అక్కడా ఇంతే. ఆబిడ్స్ అంటే ఎవరో నవాబుగారి కోట అనుకున్నాను. కాదుట. ఆల్బర్ట్ ఆబిడ్ అని ఆర్మేనియా వాడు, 1911లో పోయిన ఆరో నిజాము మహబూబ్ అలీ ఖాన్ దగ్గర బట్టలూ అవీ చూసుకునేవాడు, అక్కడ కొట్టు పెట్టాడు. ప్రభువు ఒకసారి తొడిగింది మళ్లీ ముట్టడు కాబట్టి ఆ సరుకే ఈయన కొట్లోకి చేరేదని చెప్పుకుంటారు. నిజమో అబద్ధమో గాని బేరం బాగుంది. కొట్టు ఎప్పుడో మాయమైంది. రోడ్డుకి నెహ్రూ పేరు పెట్టారు, కూడలిలో ఆయన విగ్రహం కూడా నిలబెట్టారు. ఏ కండక్టరైనా నెహ్రూ రోడ్డని కేకేశాడా? ఆదివారం పాత పుస్తకాలకి నేను వెళ్లింది ఆబిడ్సుకే. సికింద్రాబాదులో జేమ్స్ స్ట్రీటుని మహాత్మాగాంధీ రోడ్డు చేశారు. అక్కడి రైలు స్టేషను మాత్రం ఇంకా జేమ్స్ స్ట్రీటే. రైల్వేవాళ్లు నాలాంటివాళ్లు, చెబితే వినరు.

ఇక మొన్నటి ఫ్లెక్సీ చూడాల్సింది నువ్వు. మర గలాయన ఫొటో తపాలా బిళ్లంత, దండ వేసినవాళ్లవి నిలువెత్తు. ఒక్కొక్కరూ మైకు పట్టుకుని ఆయన సేవల్ని పొగిడారు. ఏం సేవలురా? శేరుకింత అని కూలి తీసుకున్నాడు, కారం కొట్టాడు, ఒకరి పొడిలో ఇంకొకరిది కలవనివ్వలేదు. అంతే. ఆ ఒక్క ముక్కా ఎవడూ అనలేదు. పైగా మర మోతకి నిద్ర పట్టడం లేదని ఒకప్పుడు అర్జీ పెట్టినవాళ్లే ముందు కుర్చీల్లో కూర్చున్నారు. ఆ అర్జీ మీద మొదటి సంతకం నాదేననుకో. అప్పట్లో నాకు ఉబ్బసం.

నిన్న రాత్రి మా మనవడు ఫోన్లో ఏదో తిండి తెప్పించాడు. తెచ్చే కుర్రాడు ఫోన్ చేస్తే నేను తీశాను.

“కారం మర సందులోకి రా బాబూ.”

“అదెక్కడండీ తాతగారూ?”

“మర ఎదురుగా.”

“మర ఎక్కడుందండీ?”

లేదు మరి. అక్కడిప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. వాడు కాసేపు అటూ ఇటూ తిరిగి, “ఇక్కడేదో మార్గము అని నల్లరాయి ఉందండీ” అన్నాడు.

“ఆఁ, అక్కడే ఉండు, కదలకు” అని చెప్పులేసుకుని వెళ్లాను. వాడు రాతికి బండి ఆనించి నిలబడ్డాడు. పైన తాడు ముక్క ఇంకా వేలాడుతోంది. పొట్లం తెచ్చుకుని విప్పితే బిర్యానీ. ఎర్రగా నిప్పులా ఉంది చూడ్డానికి. తినేశాను, ఒక్క తుమ్మైనా రాలేదు.