తిట్టేవాళ్లు కావలెను

శీతాకాల ఒలింపిక్స్‌కి మన దేశంలో దొరికే అభిమాని లాంటి సాధుజీవి ఇంకే ఆటకీ దొరకడు. పతకం అడగడు. లెక్క అడగడు. కోచ్‌ని మార్చమనడు, సెలెక్టర్ని దిగిపొమ్మనడు, టీవీ పగలగొట్టడు. ప్రారంభోత్సవంలో మన జెండా తెరమీద కనబడే కొన్ని సెకన్ల కోసం అర్ధరాత్రి దాకా మేలుకుంటాడు. దాన్ని ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుని, కింద మూడు జెండాలు గుచ్చి పడుకుంటాడు. మళ్లీ నాలుగేళ్లకి లేస్తాడు. కుంభకర్ణుడు ఆరు నెలలకే లేచేవాడు, లేవగానే అన్నం అడిగేవాడు. వీడు అదీ అడగడు.

క్రీడాసంఘాల పెద్దలకి ఇంతకంటే వరం ఏముంటుంది?

అదే క్రికెట్ అయితే చూడండి. మన బ్యాటరు ఒకడు సున్నా చుట్టాడంటే మా సోమల బస్టాండు దగ్గర టీ అంగట్లో గ్లాసు కింద పెట్టకముందే నలుగురు సెలెక్టర్లు తేలతారు. వాడి ఫుట్‌వర్కు దగ్గర మొదలైన విచారణ వాడి పెళ్లాం జాతకం దాకా పోతుంది. టమోటా రేటు పడిపోయి, కాయ కోసిన కూలి కూడా గిట్టక మదనపల్లె మండీ నుంచి అప్పుడే బస్సు దిగిన రైతు సైతం, తన కష్టం పక్కన పెట్టి, మూడో నంబరులో ఎవణ్ణి దించాలో చెప్పి గానీ ఇంటికి పోడు. క్రికెట్ బోర్డు అంత బలిసిందంటే అందులో టీవీ హక్కుల వాటా ఎంతో మన తిట్ల వాటా అంత. తిట్టేవాడు ఉన్నాడంటే చూసేవాడు ఉన్నాడని లెక్క. చూసేవాడు ఉన్నచోట కుర్చీలో కూర్చున్నవాడికి కాస్తయినా ముళ్లు గుచ్చుకుంటాయి.

మంచు ఆటల కుర్చీకి ఆ ముళ్లు లేవు. పరుపు మెత్తగా ఉంది.

సోమల మండలంలో ఈ మంచు పిచ్చి నాకొక్కడికే ఉందని నా అనుమానం. 2026 ఫిబ్రవరిలో ఇటలీలో మిలానో–కోర్టినా ఆటలు జరిగినన్ని రోజులూ అంగడి బెంచీమీద ఫోను నిలబెట్టుకుని కూర్చున్నాను. వాళ్ల గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనక. అక్కడ పొద్దుటి ఆట మనకి సంగటి తిని కునికే వేళకి వస్తుంది. ఒక మధ్యాహ్నం, ఐసుమీద రాయి జార్చే కర్లింగ్ ఆట నడుస్తోంది. అంగడాయన పాలు పొంగకుండా చూసుకుంటూనే ఫోనులోకి తొంగి చూశాడు.

"ఏంది అయివారూ, చీపిరికట్టలు పట్టుకుని అంత బిరబిరా ఊడస్తా ఉండారు? ఎవురిదన్నా పెండ్లా?"

రాయి ఎంతదూరం పోవాలో, ఎటు తిరగాలో ఆ ఊడుపు కూడా తేలుస్తుందని చెప్పాను. రాయి దాదాపు 20 కిలోల గ్రానైటు అనీ, స్కాట్లాండు పక్కన ఏల్సా క్రెయిగ్ అనే చిన్న దీవి నుంచి వస్తుందనీ చెప్పాను. గ్రానైటు అన్న మాట చెవిన పడగానే బెంచీ మొత్తం నావైపు తిరిగింది.

"దానికి సముద్రంలో దీవి దాకా పోవల్లనా? కుప్పం రాయి పనికిరాదా?"

పనికొస్తుందో రాదో తేల్చాల్సింది భూగర్భ శాస్త్రం. కానీ ఆ ప్రశ్నలోని రోషం నాకు నచ్చింది. కుప్పం గ్రానైటు వంటింటి బండలుగా, సమాధి రాళ్లుగా సముద్రాలు దాటుతుంది. కొండలు కరిగిపోయాక గుంతలు మాత్రం మనకి మిగులుతాయి. ఒక్క ఆట వస్తువుగా అయినా ఆ రాయి మన పేరు చెప్పుకుంటుందా అంటే లేదు. సరే, అది వేరే తగువు.

"మనోళ్లు ఉండారా దీంట్లో?"

"దీంట్లో లేరు. స్కీయింగులో ఇద్దరు. కశ్మీరు ఆరిఫ్ ఖాన్, లద్దాఖ్ స్టాన్‌జిన్ లుండప్."

"మెడలు వస్తాదా?"

"రాదు."

"రాదని తెలిసీ కూర్చోనుండావే! మరేమని మొక్కుకుంటా ఉండావు?"

పడకుండా కిందికి దిగితే చాలని మొక్కుకుంటున్నానని చెప్పాను. అంగడాయన ఒక్క నిమిషం నన్ను జాలిగా చూశాడు. "పడకుండా దిగడమే గెలుపైతే, భాకరాపేట ఘాట్లో టమోటా లోడు దించే మన డ్రైవర్లకి దినామూ ఒక మెడలు ఈయాల" అన్నాడు.

ఆయన్ని తప్పుపట్టలేం. ఆరిఫ్ ఖాన్‌ని అంతకన్నా తప్పుపట్టలేం. 2022 బీజింగ్ ఆటలకి మన దేశం మొత్తంమీద వెళ్లింది ఆయనొక్కడే. గుల్‌మార్గ్‌లో స్కీ సామాను అద్దెకిచ్చే అంగడి వాళ్ల కుటుంబానిది. డబ్బు చాలక 2018 ఆటలు తప్పిపోయాయి. బీజింగ్‌లో చూడండి వింత. అక్కడి కొండల్లో మంచు సరిగా పడదు కాబట్టి మరలతో కోట్ల లీటర్ల నీళ్లు చిమ్మి కొండకి కొండే తెల్లగా చేశారు. వెయ్యి అడుగులు బోరేసినా బురద కూడా తగలని మన మండలాల మీదుగా ఈ వార్త వినాలి, అప్పుడు తెలుస్తుంది దాని రుచి. తీరా పురుషుల జెయింట్ స్లాలమ్ నాడు అసలు మంచే ఆకాశం నుంచి దబదబా కురిసి, అందరి కళ్లూ కప్పేసి, పోటీని ఆలస్యం చేసింది. ఆ మసకలో సగం మందికి దగ్గర దగ్గరగా పరుగు పూర్తి చేయలేక తప్పుకున్నారు. ఆరిఫ్ రెండు పరుగులూ పూర్తి చేసి 45వ స్థానంలో నిలిచాడు. స్లాలమ్‌లో మాత్రం గేటు తప్పాడు. ఒంటరిగా వెళ్లినవాడు చేయగలిగింది చేశాడు.

మరి ఒంటరిగా పంపినవాళ్లు ఏం చేశారు? గల్వాన్‌లో మన సైనికులతో జరిగిన ఘర్షణలో పాల్గొన్న తమ సైనికాధికారి చేతికి చైనా ఆటల జ్యోతి ఇచ్చింది. అది మనల్ని గిల్లడానికే. కోపం రావాల్సిందే, వచ్చింది. మన దౌత్యవేత్తలు ఉత్సవాలకి పోలేదు, అది కూడా సబబే. దాంతోపాటు ప్రారంభ, ముగింపు ఉత్సవాలని దూరదర్శన్ ప్రత్యక్షంగా చూపించకూడదని తీర్మానించారు. ఆ ప్రారంభోత్సవంలో మన జెండా పట్టుకుని నడిచింది ఎవరు? ఆ ఒక్క ఆరిఫే. బీజింగ్ మీద అలిగి, మన జెండాని మన టీవీలోనే మనం చూడకుండా చేసుకున్నాం. చైనా వాళ్లకి దీనివల్ల నిద్ర పట్టలేదని మాత్రం ఎక్కడా వినలేదు.

జెండాతో పెట్టుకున్న ఇంకో ముచ్చట ఇంతకంటే ఘనమైనది. 2014, రష్యాలో సోచీ. మన ఒలింపిక్ సంఘాన్ని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2012 డిసెంబరులోనే సస్పెండ్ చేసింది. ఎన్నికలు సరిగా జరపమని, కేసులున్నవాళ్లని దూరం పెట్టమని చెప్పింది. పెద్దలకి తొందరేముంది? తేదీలు జరుపుకుంటూ వచ్చి, చివరికి ఎన్నిక పెట్టుకున్నది ఫిబ్రవరి 9న. ఆటలు మొదలయ్యింది 7న! కొద్ది రోజులు ముందుకి జరిపి ఉంటే సరిపోయేది. ముహూర్తం కుదరలేదేమో. శివ కేశవన్, హిమాంశు ఠాకూర్, నదీమ్ ఇక్బాల్ అనే ముగ్గురు ఆటగాళ్లు వంద కోట్లకి పైగా జనం ఉన్న దేశం నుంచి వచ్చి, తమ జెండా లేకుండా ఒలింపిక్ జెండా కింద నడిచారు. 11న సస్పెన్షన్ ఎత్తేశాక క్రీడాగ్రామంలో మన జెండా ఎగరేశారు. అప్పుడందరూ చప్పట్లు కొట్టారు. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. అదే మన క్రికెట్ జట్టు ఇంకొకరి జెండా కింద ప్రపంచకప్‌లో దిగి ఉంటే ఆ పెద్దలు ఇంటి గుమ్మం దాటగలిగేవారా?

శివ కేశవన్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి. మనాలీ దగ్గర పెరిగాడు. నాన్నది కేరళ, అమ్మది ఇటలీ. ఆడేది ల్యూజ్. వెల్లకిలా పడుకుని, కాళ్లు ముందుకు చాచి, బ్రేకులేని చిన్న స్లెడ్‌మీద, ఐసు కాలవలో గంటకి 120, 130 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే ఆట. మన దేశంలో అలాంటి కాలవ లేదు. అందుకని స్లెడ్‌కి చక్రాలు బిగించుకుని హిమాలయాల ఘాట్‌రోడ్లలో, లారీల పక్కనుంచి, గొర్రెల మందల మధ్యనుంచి సాధన చేశాడు. పదహారేళ్లకి 1998లో నగానోలో మొదలుపెట్టి 2018 దాకా వరసగా ఆరు ఒలింపిక్స్ ఆడాడు. ఆసియా ఛాంపియన్ అయ్యాడు. సోచీకి ముందు ఇంటర్నెట్‌లో జనం దగ్గర చందాలు పోగుచేసుకున్నాడు. ఆ సోచీలోనే ప్రాక్టీసు పరుగులో, పోతున్న స్లెడ్‌మీద నుంచి జారిపడి, దాన్ని వదలకుండా పట్టుకుని, ఆ వేగంలోనే మళ్లీ ఎక్కి పడుకుని పరుగు కొనసాగించాడు. ఆ వీడియోని ప్రపంచమంతా నోరు తెరిచి చూసింది.

ఆయనకి అర్జున అవార్డు ఎప్పుడిచ్చారో తెలుసా? 2020లో. ఆట మానేసిన రెండేళ్లకి. ల్యూజ్ 130 వేగంతో పోతుంది గానీ ఫైలు పోదు కదా. ఈ ఆలస్యం మీద ఎవడైనా దిష్టిబొమ్మ తగలబెట్టాడా? పోనీ ఒక్క మీమ్ అయినా చేశాడా? లేదు. "అవార్డు వచ్చిందంట, శుభాకాంక్షలు" అని మళ్లీ మూడు జెండాలు గుచ్చాం.

ఇంత పెద్ద దేశంలో చలి లేదా, మంచు లేదా అంటారు. నార్వే మొత్తం జనాభా 55 లక్షల చిల్లర. మన పాత ఉమ్మడి చిత్తూరు జిల్లా 2011 లెక్కల్లోనే 41 లక్షలు దాటింది. అంటే మన జిల్లాకి పక్క నియోజకవర్గాలు కొన్ని కలిపితే ఒక నార్వే. ఆ నార్వే ఒక్క బీజింగ్‌లోనే 16 బంగారు పతకాలతో కలిపి 37 పట్టుకుపోయింది. 1964లో జెరెమీ బుయకోవ్‌స్కీ అనే పోలండ్ మూలాలున్న మనిషి మన తరఫున తొలిసారి దిగిన నాటి నుంచి, హిమాలయాలంతటి కొండలు పెట్టుకుని, మనం తెచ్చినవి ఎన్ని? సున్నా. ఆ సున్నాకి కూడా తిట్లు పడలేదు.

తిట్ల సంగతి సరే, మెప్పుకీ అదే గతి. మంచే లేని తెలుగు నేల మీదనుంచి, హైదరాబాద్ పిల్ల తాళ్లూరి నయనశ్రీ లేహ్ దాకా పోయి ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో ఐస్ స్కేటింగ్‌లో తెలంగాణకి బంగారం తెచ్చింది. హైదరాబాద్‌లో మామూలు జనానికి మంచంటే టికెట్ కొని, అద్దె కోటు తొడుక్కుని చూసే స్నో పార్కు. అలాంటి ఊరి నుంచి పోయి గెలిచింది. మన జిల్లాల్లో ఆ అమ్మాయి పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లు ఎంతమంది? ఐపీఎల్ వేలంలో అమ్ముడుపోని ఆటగాళ్ల పేర్లు మాత్రం వరసగా అప్పజెబుతారు.

ఇక మన పాలకులకి ఈ ఆటలు గనక తలకెక్కాయంటే ఏమవుతుందో నేను ఇప్పుడే చెప్పగలను. హార్స్‌లీ కొండ ఇప్పటికే ఆంధ్రా ఊటీ. రేపు 'ఆంధ్రా ఆల్ప్స్' అని ఇంకో బోర్డు పడుతుంది. శీతాకాల క్రీడల అకాడమీకి శంకుస్థాపన ఏప్రిల్‌లో, మండుటెండలో జరుగుతుంది. అధ్యయనానికి ఒక బృందం కుటుంబాలతో స్విట్జర్లాండ్ పోతుంది. ప్రభుత్వం మారగానే శిలాఫలకం పగులుతుంది, కొత్తది వేస్తారు. పాత శిలకీ కొత్త శిలకీ మాత్రం కుప్పం గ్రానైటే వాడతారు. ఆ విధంగా మన రాయికి క్రీడారంగంలో న్యాయం జరుగుతుంది.

వెక్కిరిస్తున్నానంటారా? డెహ్రాడూన్ కథ వినండి. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం అక్కడ హిమాద్రి అని పెద్ద ఐస్ రింకు కట్టారు. ప్రజల సొమ్ము కోట్లలో కరిగింది. ఆటలు అయ్యాయి, ఫోటోలు దిగారు. తర్వాత ఐసుని ఐసుగా ఉంచే ఖర్చు మోసేవాళ్లు లేక రింకు మూతపడింది. ఏడాదో రెండేళ్లో కాదు, పదేళ్లకి పైగా. 2025లో గానీ మళ్లీ తెరుచుకుని ఆసియా స్థాయి పోటీలు చూడలేదు. పదకొండేళ్ల పిల్ల స్కేటింగ్ మొదలుపెట్టి, పెళ్లీడుకొచ్చి, స్కేట్లు అటకెక్కించేంత కాలం అది.

ఈ కథని నేను ఆ బెంచీమీదే చెప్పాను. అప్పటిదాకా చీపుర్లు, పెళ్లి అని నవ్వులాటగా ఉన్న మొహాలు మారాయి. మండీ నుంచి వచ్చిన రైతు ఒకాయన అంతవరకు గమ్మున ఉండి, పంచె మోకాళ్లపైకి సర్దుకుని లేచాడు.

"ఉండు అయివారూ. పదేండ్లు ఐసుకి కరెంటు లేదా? అన్నేండ్లూ ఆ ఆటకి పెసిడెంట్లూ సెక్రెట్రీలూ ఉండారా లేరా?"

"ఉన్నారు."

"వాళ్ల రూములో ఏసీకి కరెంటుందా లేదా?"

నాకు తెలియదని ఒప్పుకోకతప్పలేదు. ఆయన అంతటితో ఆగలేదు. ఆ పెద్దల అబ్బనీ తాతనీ అరగంటసేపు ఇక్కడ అచ్చువేయలేని మాటలతో తలుచుకున్నాడు. నడుమ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అంగడాయన అందుకున్నాడు. ఆటగాళ్ల మీద మాత్రం ఇద్దరిలో ఎవరూ ఈగ వాలనివ్వలేదు. నాకు ఒళ్లు పులకరించింది. తర్వాతి ఆటలు 2030లో ఫ్రెంచి ఆల్ప్స్‌లో ఉన్నాయని చెప్పాను. "అప్పుటిదాంకా యాడ ఆగేది, వాళ్ల నంబరు ఉంటే ఇప్పుడే ఇయ్యి" అన్నాడాయన, జేబులోంచి ఫోను తీస్తూ.