రాసిపెట్టిన కుస్తీ, రాయి లాగే గిత్త

డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీలో ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు. క్రీడలపై ఉండే పన్ను, పర్యవేక్షణల బెడద తప్పించుకోవడానికి కంపెనీయే 1989లో న్యూజెర్సీ సెనేట్ ఎదుట ఇది వినోదమేనని ఒప్పుకుంది. 2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జరిగిన కంపెనీ ప్రదర్శనలో నడిచిందీ అదే. రియా రిప్లే నటాల్యాను ఓడించి బెల్టు నిలుపుకుంది. రాత్రంతటిలో కాస్త కుస్తీలా కనిపించింది ఇదొక్కటే. మన ఏడడుగుల శాంకీ గుంథర్ చేతిలో, ఇండస్ షేర్ జంట సామీ జేన్, కెవిన్ ఓవెన్స్ చేతిలో చిత్తయ్యారు. అతిథి మర్యాదంటే అదీ! చివర్లో జాన్ సీనా, సెత్ రోలిన్స్ కలిసి ఇంపీరియం జంటను మట్టి కరిపించారు. సీనా ఓడితే జనం టికెట్ డబ్బులు వాపసు అడుగుతారని రాసినవారికి తెలుసు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల తిరునాళ్లలో జరిగే బండలాగుడు పందేలకు ఇలా ముందే రాసుకునే సౌకర్యం లేదు. ఇచ్చిన గడువులో ఒంగోలు గిత్తల జత బండను ఎంత దూరం లాగితే అంతే లెక్క. ఫలానా ఏడు ఓడిపొమ్మని చెబితే వినే గిత్త ఇంకా పుట్టలేదు. ప్రపంచమంతా టీవీలో చూసేది మాత్రం కుస్తీనే.